చీమ, పేనుబంక, మధ్యలో నా కెమెరా: ప్రాజెక్టు డైరీ

1వ రోజు

ఆరు నిమిషాల వీడియో ఒకటి చేద్దామని మొదలుపెట్టాను. పేరు కూడా పెట్టేశాను: ‘పోటీ కాదు, పొత్తు’. ప్రకృతి అంటే ఒకదాన్నొకటి పీక్కుతినడమేనని చిన్నప్పటి నుంచీ మనకు నూరిపోశారు, అసలు సంగతి వేరు, చీమలూ, మొక్కల రసం పీల్చే పేనుబంక పురుగులూ ఎంత చక్కగా కలిసి బతుకుతున్నాయో చూడండి అని చెప్పడం ఉద్దేశం. స్క్రిప్టు రాత్రే పూర్తయింది. దానికి తగ్గ బొమ్మ తీసుకోవడమే ఇక మిగిలిన పని.

మొదట ‘సహజీవనం’ అని పెడదామనుకున్నాను. సింబయాసిస్‌కు పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాట అదే. కానీ ఇప్పుడు ఆ మాట వింటే జనానికి పెళ్లి కాకుండా ఒకే ఇంట్లో ఉంటున్న జంట గుర్తొస్తుంది. అది చూసి నొక్కినవాళ్లకు పేనుబంక కనిపిస్తే నన్ను తిట్టుకుంటారు. వదిలేశాను.

సరంజామా ఏమంత లేదు. కుండీలో రెండు చిక్కుడు తీగలు. వాటి లేత కొసల మీద, మొగ్గల కింద, నువ్వులు జల్లినట్టు నల్లగా పేనుబంక. ఒక్కోటి రెండు మిల్లీమీటర్లుంటే ఎక్కువ. పాత 50 ఎంఎం లెన్సును తిరగేసి, రింగు వేసి కెమెరాకు బిగించాను. ఇలా తిరగేస్తే చవగ్గా మాక్రో లెన్సు దొరికినట్టే గానీ ఫోకస్‌లో ఉండే మందం మిల్లీమీటరు కూడా రాదు. పురుగు కన్ను స్పష్టంగా వస్తే కాలు మసకేస్తుంది. నేను ఊపిరి వదిలినా ఆకు ఊగుతోంది. కాడను పుల్లకు కట్టాను, అయినా ఊగుతోంది. సాయంత్రానికి చేతికొచ్చినవి పదకొండు సెకన్లు.

3వ రోజు

ఈరోజు దక్కింది. ఒక నల్ల చీమ కాడ మీదుగా వచ్చింది, పేనుబంక వెనక ఆగింది. రెండు మీసాలతో దాని వీపు మీద మద్దెల వాయించినట్టు టకటకా తట్టింది. పేనుబంక పొట్ట కొంచెం పైకెత్తింది. చివర ఒక బొట్టు ఊరింది, గాజుపూసలా. అందులో నా లైటు తలకిందులుగా కనిపిస్తోంది. చీమ నోరు ఆనించగానే బొట్టు మాయం. మొత్తం నాలుగు సెకన్లు.

ఆ బొట్టు పేనుబంక చేసిపెట్టే కానుకేమీ కాదు, విసర్జన. తీగలో పారే రసంలో చక్కెర బోలెడు, మాంసకృత్తులకు ముడిసరుకైన అమైనో ఆమ్లాలు కొద్ది. కావలసినన్ని అమైనో ఆమ్లాలు దొరకాలంటే రసం చాలా పీల్చాలి, మిగిలిన చక్కెరనీళ్లను వెనకనుంచి వదిలేయాలి. అప్పటికీ కొన్ని ఆమ్లాలు దొరకవు. వాటిని పేనుబంక ఒంట్లోనే కాపురముండే బుఖ్‌నెరా అనే బాక్టీరియా తయారుచేస్తుంది. అంటే నేను ఒకటి అనుకుని ఫోకస్ పెడుతున్న పురుగు లోపల ఇంకో కుటుంబం ఉంది. స్క్రిప్టుకు ఇదీ పనికొస్తుందని గీతగీసుకున్నాను. ఇవాళ ఉత్సాహం మామూలుగా లేదు.

4వ రోజు

డార్విన్ చేసిన ఒక చిన్న ప్రయోగం గుర్తొచ్చింది. 1859 నాటి ‘ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్’ పుస్తకంలో, సహజాతాల అధ్యాయంలో ఉంది. ఒక కలుపు మొక్క మీద డజను పేనుబంకల దగ్గరకు కొన్ని గంటలపాటు చీమలను రానీయలేదు. భూతద్దంతో చూస్తూ కూర్చున్నాడు, ఒక్కటీ బొట్టు వదల్లేదు. చీమ మీసంలా వెంట్రుకతో తడిమాడు, అయినా వదల్లేదు. తర్వాత ఒక్క చీమను రానిచ్చాడు. అది మీసాలతో తట్టుకుంటూ పోతే, తట్టినవల్లా బొట్టు వదిలాయి.

చేసి చూద్దామని చీమలను కుంచెతో దులిపి మూడు గంటలు కాపలా కూర్చున్నాను. కుంచెలోంచే ఒక వెంట్రుక పీకి మొదలుపెట్టాను. మొదటి పురుగు కదల్లేదు. రెండోది విసుగ్గా వెనక కాలు విదిలించింది. మూడోది ఏకంగా తొండం పీక్కుని నడిచి వెళ్లిపోయింది. అలా ఇరవై దాకా తడిమాను. ఒకటి బొట్టు వదిలింది గానీ అది నేను తడిమినందుకా, దానికే వచ్చిందా, ఏమని చెప్పను. ఈలోగా ఎక్కడినుంచో ఒక చీమ ఎక్కొచ్చింది, మొదటిదాన్ని తట్టింది, బొట్టు వచ్చింది. డార్విన్ చెప్పింది చెప్పినట్టు, నా కళ్లముందే. ఆనందంతో లేచి చూస్తే కెమెరాలో ఎర్ర చుక్క లేదు. రికార్డు బటన్ నొక్కలేదు.

ఆ ప్రయోగం చివర డార్విన్ ఇంకో మాట రాశాడు. ఆ పాకం బాగా జిగట, దాన్ని ఎవరో తీసుకుపోవడం పేనుబంకకూ సౌకర్యమే అయ్యుంటుంది, కాబట్టి అచ్చంగా చీమ మేలు కోసమే అది బొట్టు వదులుతోందని అనుకోనక్కర్లేదని. నా స్క్రిప్టులో మూడో పేరా ‘ప్రేమగా అందించింది’ అని మొదలవుతుంది. మార్చాలి.

7వ రోజు

చీమ ఒకటి పేనుబంకను నోట కరుచుకుని పోతోంది. కాళ్లు ఇంకా ఆడుతున్నాయి. మొదట, పాలిచ్చే పశువును మేత బాగున్న చోటికి మారుస్తోందేమో అనుకున్నాను. చీమలు అలా చేయడమూ ఉంది. కానీ ఇది కాడ దిగి, కుండీ అంచు దాటి, గోడ పగుల్లోని గూటి వైపు సాగింది. వెనకే ఇంకో చీమ, దాని నోట్లో సగం నమిలిన ఇంకోటి.

చక్కెర దొరికాక మాంసకృత్తులు కావాలిగా. కాపలా కాసే మందలోంచే చీమలు కొన్నిటిని తినడం కొత్త సంగతేమీ కాదు, కీటకశాస్త్రం చదివినవాళ్లకు తెలిసిందే. నాకే తెలియలేదు, ఎందుకంటే నేను వెతకలేదు.

క్లిప్పు 52 సెకన్లు, ఇప్పటిదాకా తీసినవాటిలో ఫోకస్ బాగా కుదిరింది ఇదే. రాత్రి ఎడిటింగ్‌కు కూర్చుని దాన్ని ‘పనికిరానివి’ అన్న ఫోల్డర్‌లోకి లాగాను. లాగుతుంటే చెయ్యి కొంచెం ఆగింది. అయినా లాగేశాను.

8వ రోజు

నిద్ర పట్టక మళ్లీ పుస్తకాలు. ‘మనుగడ కోసం పోరాటం’ అని మనం బళ్లో చదువుకున్న మాట అసలు ఎక్కడిదో చూద్దామని ఆ 1859 పుస్తకంలోనే మూడో అధ్యాయం తీశాను. అక్కడ డార్విన్ ముందే హెచ్చరిక పెట్టాడు. ఈ మాటను విశాలమైన అర్థంలో, ఉపమానంగా వాడుతున్నాను, ఒక జీవి ఇంకో జీవి మీద ఆధారపడటం కూడా ఇందులోనే వస్తుంది అని. కరువులో కూటి కోసం కొట్టుకునే రెండు కుక్కలూ ఆయన ఉదాహరణే, ఎడారి అంచున ఎండకు తట్టుకుంటున్న మొక్కా ఆయన ఉదాహరణే. తెలుగులో ‘పోరాటం’ అనగానే ఎదుట ఒక శత్రువు నిలబడతాడు. ‘పెనుగులాట’ అని ఉంటే ఎడారి మొక్కకు కూడా సరిపోయేది.

‘సర్వైవల్ ఆఫ్ ద ఫిట్టెస్ట్’ (తగినదే మిగులుతుంది) అన్నది అసలు డార్విన్ మాటే కాదు. 1864లో ఇంగ్లీషు తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ పుట్టించాడు, డార్విన్ 1869లో ఐదో కూర్పులో దాన్ని చేర్చుకున్నాడు. 1888లో ఇంగ్లండు జీవశాస్త్రవేత్త హక్స్‌లీ జంతు ప్రపంచాన్ని గ్లాడియేటర్ల ఆటతో పోల్చి ఒక వ్యాసం రాశాడు. దానికి జవాబుగా 1890 నుంచి అదే పత్రికలో రష్యా అరాచకవాది క్రొపోట్కిన్ వరసగా వ్యాసాలు రాశాడు, అవి 1902లో పరస్పర సహాయం మీద పుస్తకమయ్యాయి. ఆయన కుర్రతనంలో సైబీరియాలో ఏళ్లు గడిపినవాడు. ఒకే జాతి జంతువులు తిండి కోసం తమలో తాము కొట్టుకుంటాయని చదివి, దాని కోసం వెతికాడు. కనిపించింది మంచు, చలి, మందలు మందలుగా వలసపోయే జింకలు. ఇంగ్లండులాంటి కిక్కిరిసిన ద్వీపదేశంలో కూర్చుని చూసినవాడికి పక్కవాడే ప్రత్యర్థి, ఖాళీ మైదానంలో చలికి వణికినవాడికి పక్కవాడే దిక్కు. ఇది నా ఊహ మాత్రమే కాదు, ఈ ఇద్దరి తగువు మీద రాసిన చాలామంది అన్నదే.

మనకూ మత్స్యన్యాయం ఉంది. పెద్ద చేప చిన్న చేపను మింగుతుందని. పాత రాజనీతిలో ఆ మాట చేపల గురించి కానే కాదు. రాజు లేకపోతే మనుషులు ఇలా తయారవుతారు కాబట్టి రాజూ ఉండాలి, దండమూ ఉండాలి అని చెప్పడానికి చేపలను సాక్ష్యానికి పిలిచారు. స్పెన్సర్ చేసిందీ మనుషుల సంగతి చెప్పడానికి ప్రకృతిని సాక్ష్యానికి పిలవడమే. ‘పోటీ కాదు, పొత్తు’ అని పేరు పెట్టుకున్న నేను చేస్తున్నదేమిటి?

పొద్దున లేచి ఆ 52 సెకన్ల క్లిప్పును వెనక్కి తెచ్చాను.

11వ రోజు

కుండీలో రెండు తీగలున్నాయి. ఒకదాని కాడ చుట్టూ వేలెడు వెడల్పున వ్యాసలైన్ రాశాను, చీమలు ఎక్కకుండా. రెండోది మామూలుగా వదిలేశాను. రెంటి మీదా దాదాపు సమానంగా పేనుబంక ఉంది, ఫొటో తీసి లెక్కపెట్టాను: 140, 155.

ఒక భయం మాత్రం ఉంది. నేను అడ్డుగోడ కట్టాక నాకు కనిపించేది ప్రకృతేనా, నేను కట్టిన గోడా? తోడేళ్ల సంగతి ఇలాగే అయింది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బోనులో ఉంచిన తోడేళ్లను గమనించి పెత్తనం కోసం జరిగే కొట్లాటల గురించి రాశాడు. గుంపు మీద పెత్తనం చేసే ‘ఆల్ఫా’ తోడేలు అన్న మాట అలా పుట్టింది. ఆ మాటను జనంలోకి తీసుకెళ్లినవాళ్లలో తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ ఒకడు, 1970 నాటి తన పుస్తకంతో. తర్వాత అడవిలో ఏళ్లకేళ్లు తోడేళ్లను చూసి, 1999లో ఆయనే దిద్దుకున్నాడు: అడవి గుంపు చాలావరకు ఒక తల్లీతండ్రీ వాళ్ల పిల్లలూ, అంతే. సంబంధం లేనివాటిని తెచ్చి ఒకే బోనులో పెడితే కొట్టుకోక ఏం చేస్తాయి? తన పుస్తకం మళ్లీ అచ్చు వేయొద్దని ప్రచురణకర్తలను అడిగాడు కూడా. ఈలోగా ఆల్ఫా మగాడి పేరుతో ఎన్ని వ్యాపారాలు నడిచాయో లెక్కలేదు.

సరే, వ్యాసలైన్ సంగతి వీడియోలో చెప్పేస్తాను. దాచను.

15వ రోజు

చీమలు ఎక్కలేని తీగ మీద మూడో రోజుకే పేనుబంకను తినే అక్షింతల పురుగులు దిగాయి. వాటి పిల్లపురుగులు మొసలి పిల్లల్లా ఉంటాయి, పెద్దవాటికన్నా ఇవే ఎక్కువ తింటాయి. ఒక చిన్న కందిరీగ, పేనుబంక కన్నా చిన్నది, పొట్టను కాళ్ల సందులోంచి ముందుకు వంచి ఒక్కో పేనుబంకలో గుడ్డు పొడుస్తూ పోయింది. కొన్ని రోజులకు అవి ఉబ్బి, గోధుమరంగు తొడుగుల్లా ఆకుకు అతుక్కుపోతాయి, లోపలినుంచి కందిరీగ పిల్ల గుండ్రటి మూత తెరుచుకుని వస్తుంది. ఆ మూత తెరుచుకోవడం చూడాలని నాకు చాలా కోరిక. రెండు రాత్రులు కాచుకున్నా దొరకలేదు.

ఈరోజు లెక్క: చీమలున్న తీగ మీద 300 దాటాయి, లేనిదాని మీద 38. ఆ 38లోనూ చాలావాటికి ఒళ్లంతా జిగురు, ఆకు మీద నల్లగా మసి బూజు మొదలైంది. ఒకే కుండీ, రెండు తీగలు, దీన్ని ప్రయోగమని ఎవరూ ఒప్పుకోరు, నేనూ అనను. బొమ్మ మాత్రం బాగుంది.

10 సెకన్లకొక ఫ్రేము చొప్పున 8 గంటలు టైమ్‌లాప్స్ పెట్టాను. 2880 ఫ్రేములు, సెకనుకు 24 చొప్పున ఆడిస్తే సరిగ్గా 2 నిమిషాలు. ఇంగ్లండులో ప్రకృతి చిత్రాలు తీసిన పెర్సీ స్మిత్ 1910లోనే పూలు విచ్చుకోవడాన్ని ఇలా పట్టి జనాన్ని ఆశ్చర్యపరిచాడు. నావాటిలో ఆశ్చర్యం ఇంకోలా వచ్చింది. మామూలు వేగంలో మీసాలతో తట్టడం, బొట్టు, నిదానం. టైమ్‌లాప్స్‌లో చీమలు రద్దీ రోడ్డు, పేనుబంక మూగి ఉన్న కొస మాత్రం గంటగంటకూ కిందికి వాలుతోంది. ఆ వాలడం నాకు పదిహేను రోజులుగా కళ్లెదుటే ఉంది, కనిపించలేదు.

18వ రోజు

ఈరోజు పని గమ్మత్తుగా ఉంది. ఒకే 3 నిమిషాల 40 సెకన్ల కోత తీసుకుని రెండు వ్యాఖ్యానాలు రాశాను. ఒకటి పోటీ భాషలో: కాపలా, దోపిడీ, ఆక్రమణ, బలి. ఇంకోటి సహకార భాషలో: ఇచ్చిపుచ్చుకోవడం, రక్షణ, నమ్మకం, ఇరుగుపొరుగు. షాట్లు అవే, వరస అదే.

సౌండ్ చూసే మిత్రుడు వచ్చాడు. చీమ అడుగులకు గోళ్లతో కాగితం గీకాడు, నోరు ఆడించడానికి తడి స్పాంజి నలిపాడు, బొట్టు పీల్చుకోవడానికి తన నోటితోనే చప్పరించాడు. ప్రకృతి చిత్రాల్లో పురుగుల చప్పుళ్లు చాలావరకు ఇలా గదిలో పుట్టినవే. పోటీ వెర్షన్‌కు కింద సన్నగా డప్పు, సహకారం వెర్షన్‌కు వేణువు.

“ఒరేయ్, నువ్వు రాసిన మాటలు తీసేసి నా డప్పు ఒక్కటే ఉంచినా కథ మారదు, చూస్తావా?” అన్నాడు.

చూశాం. నిజమే. కొంచెం నొచ్చుకున్నాను.

సాయంత్రం పదిమందిని పిలిచి, ఐదుగురికి ఒకటి, ఐదుగురికి ఒకటి చూపించాం. చీమ మీసాలతో తట్టే షాట్ గురించి, పోటీ వెర్షన్ చూసినావిడ ఒకరు “పాపం, దాన్ని అలా కొట్టి కక్కిస్తోందేమిటి?” అన్నారు. పక్కగదిలో ఇంకొకాయన అదే షాట్‌కు “గోకి ముద్దు చేస్తోంది, మా పిల్లి కూడా ఇంతే” అన్నాడు. అదే నాలుగు సెకన్లు. ఒకే మొహాన్ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికించి చూపిస్తే జనం ఒకసారి ఆకలినీ ఒకసారి దుఃఖాన్నీ చదువుకున్నారని రష్యా దర్శకుడు లెవ్ కులెషోవ్ పేరుతో ఎడిటింగ్ క్లాసుల్లో చెబుతారు. ఆ కథ విని తల ఊపడం వేరు, మన ఇంట్లోనే జరిగితే వేరు.

మాటల్లో 1958 నాటి డిస్నీ చిత్రం ‘వైట్ వైల్డర్‌నెస్’ వచ్చింది. అందులో లెమ్మింగులు, అంటే ఎలుకల్లాంటి చిన్న జంతువులు, గుంపులుగా నీళ్లలోకి దూకి చచ్చిపోతున్నట్టు చూపించారు. తీసింది ఆ రకం లెమ్మింగులు లేని, కెనడాలోని ఆల్బర్టాలో. వాటిని వేరేచోటి నుంచి తెప్పించి, తిరుగుడు బల్ల మీద పరిగెత్తించి, కొండ అంచునుంచి తోశారని తర్వాత బయటపడింది. దానికి అప్పట్లో ఆస్కార్ కూడా వచ్చింది. లెమ్మింగులు ఆత్మహత్య చేసుకుంటాయని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. ఆ రాత్రి అది చెప్పుకుని నవ్వుకున్నాం గానీ, కాడను పుల్లకు కట్టి, చీమను కుంచెతో దులిపి, స్పాంజి నలిపి చప్పుడు చేసినవాడిని నేను. తోయలేదు, అంతవరకే తేడా.

20వ రోజు

జంతుశాస్త్రం చెప్పే మేడమ్‌ ఒకరికి రెండు వెర్షన్లూ పంపాను. చూసి ఫోన్ చేశారు.

“బాగానే ఉన్నాయి బాబూ. మొక్క ఏది?”

“మొక్క ఉందిగా మేడమ్, ప్రతి షాట్‌లోనూ.”

“ఉంది, వెనక పచ్చటి తెరలాగా. నువ్వు దాన్ని పాత్ర అనుకోలేదు. చీమా పేనుబంకా కలిసి ఎవరి మీద పడి తింటున్నాయో అది లేకుండా వాటి స్నేహం గురించి ఏం చెబుతావు?”

ఫోన్ పెట్టేశాక ఒక గంట ఏమీ చేయలేదు. ఇద్దరినే ఫ్రేములో పెడితే అది పొత్తు. మొక్కను కూడా పెడితే ఇద్దరు దొంగల పొత్తు. అక్షింతల పురుగును పెడితే అది మొక్కకు చుట్టం, పేనుబంకకు మృత్యువు, చీమకు దారినపోయే తగాదా. ఎంతమందిని ఫ్రేములో పెట్టాను, ఎప్పుడు రికార్డు మొదలుపెట్టి ఎప్పుడు ఆపాను అన్నది తేల్చకుండా పోటీ అనో సహకారమనో అనడానికి లేదు. నా స్క్రిప్టు ఈ పని చేయకుండానే తీర్పు రాసింది.

నార్వే తత్వవేత్త ఆర్నె నెస్‌ను నేను మొదటి రోజునుంచీ నెత్తిన పెట్టుకున్నాను. 1973 నాటి ఆయన వ్యాసంలో, బతికి బట్టకట్టడం అంటే చంపగలగడం, అణచగలగడం కాదని, చిక్కుముడుల్లాంటి సంబంధాల్లో కలిసి మనగలగడమని అర్థం చెప్పుకోవాలంటాడు. ‘నువ్వో నేనో’ కన్నా ‘నువ్వూ బతుకు, నన్నూ బతకనీ’ అన్నదే బలమైన సూత్రమంటాడు. అంతవరకు నా స్క్రిప్టులో ఉంది. అదే వ్యాసంలో, జీవులన్నీ సమానమన్నది సూత్రప్రాయంగానే, వాస్తవంలో బతకాలంటే కొంత చంపడం, కొంత వాడుకోవడం, కొంత అణచడం తప్పదని కూడా రాశాడు. అది నా స్క్రిప్టులో లేదు. డార్విన్ పెట్టిన హెచ్చరికను జనం వదిలేశారని ఎనిమిదో రోజున దెప్పిపొడిచింది నేనే.

అడవి కింద చెట్ల వేళ్లను కలిపే శిలీంధ్రాల వల గురించీ ఇదే జరిగింది. 1997లో అడవుల శాస్త్రవేత్త సుజాన్ సిమార్డ్ బృందం బర్చ్, డగ్లస్ ఫర్ మొక్కల మధ్య కార్బన్ ఇటూ అటూ పోతోందని ఐసోటోపులతో, అంటే ఆనవాలు పట్టగల కార్బన్ రకాలతో, కొలిచి ‘నేచర్’ పత్రికలో రాసింది. ఆ సంచిక అట్ట మీదే ‘వుడ్ వైడ్ వెబ్’ అన్న ముద్దుపేరు పడింది. అక్కడినుంచి తల్లిచెట్లు పిల్లచెట్లకు పాలు పడుతున్న కథలు, సినిమాలు. 2023లో జస్టిన్ కార్స్ట్, మెలనీ జోన్స్, జేసన్ హోక్సెమా ఆధారాలన్నీ ఏరి చూసి, జనంలో పాకినంత గట్టిగా అడవిలో రుజువులు లేవన్నారు. ఇందులో మెలనీ జోన్స్ 1997 పరిశోధనలోనూ ఒకరు. వల లేదని కాదు, కొలిచింది కొంచెం, పాడింది చాలా. గ్లాడియేటర్ల కథకు విసిగినవాళ్లం కదా, జోలపాట వినిపించగానే నిద్రపోయాం.

24వ రోజు

మూడో వెర్షన్. నియమం ఒకటే: పోటీ, సహకారం, ఈ రెండు మాటలూ వాడకూడదు. వాటి చుట్టాలైన యుద్ధం, స్నేహం, దోపిడీ, త్యాగం కూడా. ఏం జరుగుతోందో క్రియలతో చెప్పాలి: పీలుస్తోంది, వదులుతోంది, తడుముతోంది, నాకుతోంది, కరుచుకుపోతోంది, వాలుతోంది. ఎంతసేపు తీశానో ప్రతి షాట్ మూలనా అంకె.

మిత్రుడు విని, “పంచనామాలా ఉందిరా” అన్నాడు. ఉంది. రెండు రోజులు తన్నుకున్నాను. క్రియలు వట్టిపోవడానికి కారణం, ఆ పని వల్ల ఎవరికి ఏమైందో నేను చెప్పకపోవడం. ఒక్కో క్రియ పక్కన ఒక్కో ‘ఎవరికి’ చేర్చాక ఊపిరి వచ్చింది. చీమ తడిమింది, పేనుబంకకు ఒళ్లు శుభ్రమైంది, కొసకు నీరసం వచ్చింది. ఇలా. డప్పు, వేణువు రెండూ తీసేశాం. కుండీ దగ్గర అసలు వినిపించేది గాలి, దూరంగా ఎవరివో మాటలు. అదే ఉంచాం.

మధ్యలో నిమిషంన్నర గాస్ కోసం పెట్టాను. మాస్కోలో జీవశాస్త్రవేత్త గాస్ రెండు రకాల పారమీషియాలను, అంటే నీటిలో ఉండే ఏకకణ జీవులను, ఒకే గాజు గొట్టంలో పెంచితే ఆరీలియా మిగిలింది, కాడేటం పూర్తిగా పోయింది. 1934 పుస్తకంలో ఉన్న ఈ గ్రాఫు ప్రతి జీవావరణ పాఠ్యపుస్తకంలోనూ కనిపిస్తుంది. ఆయన ఇంకో గొట్టం కూడా పెట్టాడు, అందులో కాడేటం పక్కన బర్సేరియా అనే మరో రకం పారమీషియం. రెండూ మిగిలాయి. కాడేటం పైన తేలే బాక్టీరియాను తింది, బర్సేరియా అడుగున పేరుకున్న ఈస్టును తింది. అడుగున ఆక్సిజన్ తక్కువ కదా, ఎలా బతికింది? దాని ఒంట్లో ఆకుపచ్చ నాచు కణాలు కాపురముంటాయి, ఆక్సిజన్ అవి ఇస్తాయి. అబ్బ, మళ్లీ పొత్తు అనుకునేలోగా, 2016లో ఆ జంటను వెలుతురు మార్చి మార్చి కొలిచినవాళ్లు లాభం ఇల్లిచ్చినదానికే తప్ప అద్దెకున్నదానికి కనిపించడం లేదని తేల్చారు. మైక్రోస్కోపు కింద బర్సేరియాను చూస్తే పచ్చటి గింజలు నింపిన పాదరక్షలా తిరుగుతూ ఉంటుంది. ఎవరు ఎవరిని పెంచుకుంటున్నారో చూపు ఒక్కటీ చాలదు.

కొండ మొక్కల మీద రే కాలవే బృందం 2002లో చేసిన పని కూడా పెడదామనుకున్నాను, నిడివి చాలలేదు. ఇక్కడైనా రాసుకుంటాను. 11 చోట్ల, మొక్క చుట్టూ ఉన్న పొరుగు మొక్కలను పీకేసి చూశారు. కింది ఎత్తుల్లో పొరుగును పీకితే మొక్క ఇంకా ఏపుగా పెరిగింది. పైన, చలిగాలి కొట్టే ఎత్తుల్లో, పొరుగును పీకితే దెబ్బతింది. హక్స్‌లీ, క్రొపోట్కిన్ ఇద్దరూ ఒకే కొండ మీద వేరువేరు ఎత్తుల్లో నిలబడి అరుచుకున్నారేమో.

27వ రోజు

చివరి షాట్ల కోసం రెండు గంటలు కదలకుండా కూర్చుంటే మణికట్టు మీద దోమ వాలింది. చెయ్యి కదిలితే షాట్ పోతుంది. పొట్ట ఎర్రగా ఉబ్బేదాకా చూస్తూ ఊరుకున్నాను. ఇరవై ఏడు రోజుల్లో నేను ఫ్రేములోకి వచ్చింది ఇప్పుడే, అదీ మేతగా.

ఆస్ట్రేలియా తత్వవేత్త వాల్ ప్లమ్‌వుడ్‌ను 1985 ఫిబ్రవరిలో అక్కడి కాకడూ జాతీయవనంలో మొసలి పట్టుకుంది. మూడుసార్లు నీళ్లలోకి తిప్పి ముంచింది. ఆమె బతికి బయటపడ్డారు. పత్రికలు దాన్ని రాక్షసుడి కథగా రాసుకున్నాయి. మొసలిని కాల్చేద్దామన్న మాట వస్తే ఆమే వద్దన్నారు. తర్వాత ఏళ్లకు రాసింది ఏమిటంటే, తను ఒకరికి ఆహారమన్న సంగతి ఆ క్షణం దాకా తనకు నిజంగా తెలియలేదని, మనుషులం మనల్ని ఆహార గొలుసుకు బయట నిలబెట్టుకుని చూస్తామని. నా దోమ ఆ మొసలి ముందు ఏపాటి. అయినా ఆ షాట్ వెనకనుంచి వచ్చే నా ‘స్స్’ అన్న చప్పుడును మిత్రుడు తీసేద్దామంటే ఉంచమన్నాను.

31వ రోజు

మొక్క పోయింది. చీమలున్న తీగ పూర్తిగా, రెండోది సగం. పేనుబంకలో కొన్నింటికి రెక్కలొచ్చి నాలుగు రోజుల కిందటే ఎగిరిపోయాయి. మంద పలచబడ్డాక చీమల రాకపోకలూ తగ్గాయి.

కుండీని పక్కకు పడుకోబెట్టి మట్టి విదిలించాను. వేళ్ల నిండా ఆవగింజల్లా బుడిపెలు. నెల రోజులు పైన పురుగులకు లైట్లు పట్టి తిరిగాను, అడుగున ఇది జరుగుతోందని తెలిసీ చూడలేదు. ఆ బుడిపెల్లో రైజోబియం బాక్టీరియా ఉంటుంది, గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చి ఇస్తుంది, మొక్క దానికి చక్కెర పెడుతుంది. పెట్టడం కూడా గుడ్డిగా కాదు. 2003లో టోబీ కియర్స్ బృందం చిక్కుడుకు దాయాది అయిన సోయా మీద చూపించింది: బుడిపె చుట్టూ నత్రజని బదులు ఆర్గాన్ అనే వాయువు నింపి, బాక్టీరియా పని చేయలేని పరిస్థితి కల్పించారు. మొక్క ఆ బుడిపెలకు ఆక్సిజన్ తగ్గించింది, అక్కడి బాక్టీరియా సంతానం తగ్గిపోయింది. దీన్ని ఏమనాలి? నా నియమం ప్రకారం: ఇచ్చింది, కొలిచింది, తగ్గించింది.

వీడియోలో చివరి షాట్ కోసం బుడిపెలను బ్లేడుతో అడ్డంగా కోశాను. పనిచేస్తున్న బుడిపె లోపల గులాబీ రంగుంటుంది, మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి బంధువొకటి అక్కడుంటుంది కాబట్టి. పని ఆగినది ఆకుపచ్చకు తిరుగుతుంది. పన్నెండు కోస్తే నాలుగు గులాబీ, ఏడు ఆకుపచ్చ, ఒకటి ఉత్త గుల్ల. ఆకులన్నీ వాలిపోయిన మొక్క కింద ఇంకా నాలుగు.

ఫోకస్ సరిచేస్తుంటే వేళ్ల సందులోంచి ఒక నల్ల చీమ బయటికొచ్చింది. కోసిన బుడిపె మీదికెక్కి రెండు మీసాలతో తట్టి చూసింది. నేను ముందు ఎర్ర చుక్క వెలుగుతోందో లేదో చూసుకున్నాను. వెలుగుతోంది.